కాళ్ల బాప్తిస్మం

పాల్ రాజ్ కళ్లు మూసుకుని కాలువ గట్టు ఎక్కుతున్నాడు.

వెనక నుంచి భార్య ఎస్తర్ ఉరికొచ్చి లుంగీ పట్టుకుంది.

లుంగీ చేతికొచ్చింది. పాల్ రాజ్ ముందుకే పోయాడు.

గట్టు మీద బర్రె అడ్డంగా నిలబడి ఉండబట్టి ఆగాడు.

పాల్ రాజ్‌ది బోధన్ పక్కన పల్లె. రాత్రంతా చెరుకు ట్రాక్టర్ నడిపి, పగలు పడుకుంటాడు. ట్రాక్టర్ మీద ఏనాడూ కునుకు తీయలేదు. ఇంట్లో పడుకుంటే మాత్రం నిద్రలోనే లేచి నడుస్తాడు. మొన్న అలాగే పోయి నిజామాబాద్ షేర్ ఆటోలో కూర్చున్నాడు. నిండేదాకా ఆటో కదలదు కాబట్టి దొరికాడు.

ఇంటి వెనకే కాలువ. బర్రె రోజూ డ్యూటీలో ఉండదు. ఎస్తర్ భయమంతా అదే.

"పేరు వెట్టి పిలువకు బిడ్డా!" అంది పక్కింటి లింగవ్వ, ఒళ్లో బీడీల చాటతో. "నిద్రల జీవం బైట తిరగవోతది. గిప్పుడు లేపినవనుకో, తొవ్వ దప్పి బర్రెల జొర్రుతది."

"బర్రెల జొర్రితె పాలన్న ఇస్తడు, నువ్వు ఊకో!" అంది ఎస్తర్ అత్త బాలవ్వ.

బాలవ్వ లెక్క వేరు.

"మావోనికి చిన్నప్పుడు బాప్తిస్మం ఇచ్చిన అయ్యగారు తల మీదనే నీళ్లు సల్లిండు. కాళ్లకు సుక్క దాకలే. గందుకే తల మంచిగ పండుకుంటది, కాళ్లు మాట ఇనయి."

ఎస్తర్‌కు ఆ లెక్క నచ్చింది.

ఎస్తర్ బోధన్ చర్చికి కొత్తగా వచ్చిన పాస్టర్‌కు ఫోన్ చేసింది. ఆయన మొహం ఇంకా ఎవరూ చూడలేదు.

"అయ్యగారూ, కాళ్లకు గూడ బాప్తిస్మం ఇస్తరా?"

పాస్టర్ రెండుసార్లు దగ్గాడు.

"ఆదివారం ఆరాధన అయినంక వచ్చి మాట్లాడుత తల్లీ."

ఆదివారం మధ్యాహ్నం పాల్ రాజ్ అరుగు మీద మంచంలో గుర్రు పెడుతున్నాడు. వాకిట్లో టబ్బు నిండా నీళ్లు సిద్ధం.

గేటు తోసుకుని ఒక పెద్దమనిషి వచ్చాడు. తెల్ల చొక్కా, తెల్ల లుంగీ. కాళ్లకు చెప్పుల్లేవు. కళ్లు సగం మూసి ఉన్నాయి.

"ప్రార్థన జేసుకుంటనే వస్తుండు," బాలవ్వ గొంతు తగ్గించింది. "చెప్పులు సుత ఇడిసిండు. ఎంత అణకువ!"

"వందనాలు అయ్యగారూ, చాయ్ తాగుతరా?" అంది ఎస్తర్.

"ఊ."

"అన్నం తింటరా?"

"ఊ."

"మా ఆయన బాగైతడా?"

"ఊ."

"సూసినవా," అంది బాలవ్వ. "చాయ్ మీద ఎంత నమ్మకమో, దేవుని మీద సుత గంతే!"

పెద్దమనిషి నడుస్తూ, వాకిట్లో బీడీలు చుడుతున్న లింగవ్వ చాటలోంచి ఒక బీడీ తీసి చెవి మీద పెట్టుకున్నాడు.

"గిదేంది? అయ్యగారు బీడీ తాగుతడా?"

"గది బీడీ కాదు లింగవ్వా. నీ పాపం మోస్తుండు."

ఆయన వంగి టబ్బు ఎత్తాడు. చుక్క ఒలకకుండా మోసుకుపోయి మంచం పక్కన దించాడు. తర్వాత మంచం అంచున కూర్చుని, పాల్ రాజ్‌ను నడుముతో లోపలికి నెట్టాడు.

"అందరు చెయ్యి వెట్టి ప్రార్థన జేస్తరు," బాలవ్వ చేతులు జోడించింది. "గీయన నడుం వెట్టి జేస్తుండు!"

పాల్ రాజ్ వేలెడంత కూడా జరగలేదు. పెద్దమనిషి లేచి గేటు వైపు నడిచాడు.

"అయ్యగారూ, చాయ్!"

"ఊ," అన్నాడే గానీ ఆగలేదు.

లింగవ్వ ఆయన వెంటే పోయి, అడ్డా మీద షేర్ ఆటో ఎక్కించి వచ్చింది.

అప్పుడే పాల్ రాజ్ లేచాడు. కళ్లు మూసే ఉన్నాయి. రెండు కాళ్లూ మంచం మీంచి కిందికి దించాడు.

దబుక్కుమంది.

"వామ్మో, సల్లగ!"

కళ్లు తెరిచాడు. టబ్బును చూశాడు, కాళ్లను చూశాడు.

"నన్ను నానవెట్టింది ఎవలే?"

"పాల్ రాజ్!" అని అరిచింది ఎస్తర్. పెళ్లయినంక మొగుణ్ని పేరు పెట్టి పిలవడం అదే మొదలు.

"కాళ్లు తడిస్తె నువ్వు పేరు సుత వెడ్తవా?" అన్నాడు పాల్ రాజ్.

నవ్వుతోందో ఏడుస్తోందో ఎస్తర్‌కే తెలియలేదు. "ఇగ దినాం మంచం పక్కన టబ్బు వెడ్త. కాలువ దాకా ఎట్ల వోతవో సూస్త!"

ఇంతలో ఫోన్ మోగింది.

"ఏమనుకోకు తల్లీ," అన్నాడు పాస్టర్. "బండి పంచరైంది. ఇంక బోధన్‌లనే ఉన్న."

ఎస్తర్ ఆ మాట అందరికీ చెప్పింది.

బాలవ్వ మోకాళ్ల మీద కూలబడింది. "దేవదూత! మా ఇంటికి దేవదూత వచ్చిపోయిండు!"

"దూత నా బీడీ వట్టుకపోయిండు," అంది లింగవ్వ.

గేటు చప్పుడైంది. ఒకామె రొప్పుతూ నిలబడింది. చేతిలో మగవాళ్ల చెప్పుల జత.

"అమ్మా, నాది పక్కూరు. రుక్మాబాయి అంటరు. తెల్ల లుంగీ కట్టిన పెద్దమనిషి గిట్లొచ్చిండా?"

"వచ్చిండు! నేనే షేర్ ఆటో ఎక్కిచ్చిన," అంది లింగవ్వ.

"ఆటో నిండిందా?"

"యాడ నిండింది? ఆయన ఒక్కడే."

రుక్మాబాయి ఊపిరి వదిలి అరుగు మీద కూర్చుంది. "గట్లయితె ఫికర్ లేదు."

ఎస్తర్ గ్లాసుతో నీళ్లిచ్చి, మెల్లగా అడిగింది.

"ఇంతకు ఆయన ఎవలమ్మా?"

"మా ఆయన బిడ్డా. పగటీలి నిద్రల లేసి నడుస్తడు. దినాం మంచం పక్కన నీళ్ల టబ్బు వెడ్త, కాలు తడిసి మేల్కుంటడు. ఇయ్యాల నేను గా టబ్బుల బట్టలు నానవెట్టిన, పాపం, ఇంకో టబ్బు దేవులాడుకుంట వచ్చినట్టుండు."