మొదటి లైకు

"ఆ అకౌంటు ఎవరిదో తేలేదాకా మేం ఇక్కణ్ణుంచి కదలం మేడమ్" అన్నాడు కళ్లజోళ్ల షాపాయన, ప్రిన్సిపాల్ ఎదురుగా కుర్చీ లాక్కుంటూ.

పక్కన ఆయన భార్య ఫోన్ పట్టుకుని కూర్చుంది.

ఫిర్యాదు రాసుకోవడానికి ఆఫీసు క్లర్కును పిలిచారు. ముప్ఫయ్యేళ్లుంటాయి. రోజంతా ఏదో ఒక కాగితం మీద స్టాంపు కొడుతూనే ఉంటుంది కాబట్టి పిల్లలు ఆమెను స్టాంపక్క అంటారు. స్కూల్ పేజీలో ఫొటోలు పెట్టేదీ ఆమే. ఆ పని ఎవరూ అప్పగించలేదు. తనే అడిగి మరీ నెత్తిన వేసుకుంది.

"చెప్పండి, రాసుకుంటాను" అంది తలెత్తకుండా.

"మూడో క్లాసు మా పాప. పేజీలో దాని ఫొటో పడితే చాలు, అందరికన్నా ముందు, నిమిషం తిరక్కుండా ఎవరో లైకు కొడుతున్నారు. మిగతా పిల్లల ఫొటోల జోలికి పోరు. పేరు లేదు, మొహం లేదు. ఒక పువ్వు బొమ్మ, అంతే."

"ఎవరో ముద్దొచ్చి..." అనబోయారు ప్రిన్సిపాల్.

"ముద్దొచ్చా?" షాపాయన గొంతు లేచింది. "మొన్న ఏం రాశారో మీరే చూడండి."

భార్య ఫోన్ బల్ల మీద పెట్టింది. ఆటల పోటీల ఫొటో కింద ఒకే ఒక్క మాట. 'జ్వరం తగ్గిందా తల్లీ?'

ప్రిన్సిపాల్ కళ్లజోడు తీసి మళ్లీ పెట్టుకున్నారు.

"జ్వరం సంగతి స్కూలుకిచ్చిన సెలవు చీటీలో తప్ప ఎక్కడా చెప్పలేదు" అంది ఆ తల్లి. "అంటే వాడెవడో ఇక్కడిక్కడే తిరుగుతున్నాడు. నాకు కంటిమీద కునుకు లేదు మేడమ్. ఎన్నేళ్లకో మా చేతికొచ్చిన పిల్ల. దానికేమైనా అయితే నేను బతకను."

స్టాంపక్క కలం ఆగింది.

"ఏమీ కాదమ్మా."

"మీకు పిల్లలున్నారా?"

"లేరండీ."

"అందుకే అంత తేలిగ్గా అంటున్నారు."

ప్రిన్సిపాల్ ఇబ్బందిగా కదిలారు. స్టాంపక్క మాత్రం తల వంచుకుని, ఆగిన చోటి నుంచి రాసుకుపోయింది.

నిర్ణయానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ అకౌంటును బ్లాక్ చెయ్యాలి. పాప ఫొటోలన్నీ తీసెయ్యాలి. ఇక మీదట పెట్టకూడదు.

"ఇప్పుడే, మా కళ్లముందే" అన్నాడు షాపాయన. పొద్దస్తమానం ఎదుటివాళ్ల కళ్లు పరీక్షించే మనిషి, స్టాంపక్క కళ్లవైపు మాత్రం చూడలేదు.

స్టాంపక్క కంప్యూటర్ ముందు కూర్చుని ఆ పువ్వు బొమ్మ అకౌంటును బ్లాక్ చేసింది. తర్వాత పాప ఫొటోలు ఒక్కొక్కటే తీసేస్తూ పోయింది. ముందుపళ్లు ఊడిన నవ్వు. కాగితం కిరీటం. పరుగు పందెంలో పడి దోక్కుపోయిన మోచెయ్యి. వెతికే పనే లేకపోయింది, ఏ ఫొటో ఎక్కడుందో ఆమెకు కంఠతా వచ్చు. మొత్తం డెబ్భై మూడు. చివరిదాని దగ్గర వేలు కాసేపు మొరాయించింది. తర్వాత అదీ పోయింది.

"మళ్లీ ఇంకో పేరుతో వస్తేనో?" అంది తల్లి.

"రారమ్మా. ఇంక రారు."

ఆ గొంతులో ఏం వినిపించిందో, ఆ తల్లి కాస్త కుదుటపడింది. వెళ్తూ వెళ్తూ స్టాంపక్క చెయ్యి పట్టుకుంది.

"కంగారులో ఏదో అనేశాను. ఏమీ అనుకోకండి."

"భలేవారే. తల్లన్నాక ఆ మాత్రం భయం ఉండదా? పాపని జాగ్రత్తగా చూసుకోండి."

వాళ్లిద్దరూ వెళ్లిపోయారు. ప్రిన్సిపాల్ రిజిస్టరు ముందుకు జరిపి, 'చర్య తీసుకోబడింది' అన్న మాట కింద వేలు పెట్టి చూపించారు. స్టాంపక్క సంతకం చేసింది.

ఎనిమిదేళ్ల కిందట పురిటి మంచం మీద, తెర అవతల ఎదురుచూస్తున్న ఆ ఇద్దరికీ తన బిడ్డను ఇచ్చేస్తున్నట్టు రాసిన కాగితం మీద కూడా ఆమె ఇలాగే, చూపించిన చోట సంతకం చేసింది.