ఏడా, ఎనిమిదా?

"ఇది మూడోది, ఉస్తా బయ్యూమీ. కార్డు ఇలా పెట్టండి," అంది యార్డు ఇంజినీరు నగ్వా.

బల్ల మీద వెలుగుతున్న అద్దం పలక, దాని మీద ఎక్స్‌రే ఫిల్ము. రెండు పైపులను అంచుకు అంచు ఆనించి వేసిన వెల్డింగ్ అతుకు అది. మధ్యలో వెంట్రుకంత నల్లగీత కనిపిస్తోంది. పైకి నున్నగానే ఉన్నా, లోపల అడుగున లోహం కరిగి కలవలేదన్నమాట. అలాంటివి మూడు దొరికితే వెల్డరు కార్డు పోతుంది. కార్డు పోయినవాడికి సూయజ్‌లో ఏ యార్డు గేటూ తెరుచుకోదు. అందరూ ఉస్తా, అంటే మేస్త్రీ, అని పిలిచే యాభై మూడేళ్ళ మనిషికి ఇక కొత్త విద్య ఎవరు నేర్పుతారు?

మొదటి రెండూ తనవేనని బయ్యూమీ అప్పుడే ఒప్పుకున్నాడు. ఏడాదిగా అతని కుడికన్ను మసకబారుతోంది. ఆ సంగతి భార్యకు కూడా చెప్పలేదు. కానీ ఈ మూడోది మాత్రం తాను వేయలేదన్నాడు. దొరికిన ప్రతివాడూ అదే మాట అంటాడని ఆమె జవాబిచ్చింది. అతుకు వేసినవాడు పక్కనే తన నంబరును ఉక్కు ముద్రతో కొట్టాలి. అక్కడున్నది ఏడు. బయ్యూమీ నంబరు ఏడు.

అతను కార్డు తీసి బల్ల మీద పెట్టాడు. చెయ్యి దాన్ని వదలడానికి కాస్త సేపు పట్టింది.

"ఆ పైపు ఒక్కసారి చూడనివ్వండి, ఇంజినీరమ్మా. ఉరిశిక్ష పడ్డవాణ్ణి కూడా చివరి కోరిక అడుగుతారు."

ఆమె కాదనలేక వెంట నడిచింది. మిట్టమధ్యాహ్నం, పైపులు చెయ్యి వేస్తే చురుక్కుమంటున్నాయి. ముద్ర పైభాగాన స్పష్టంగా ఉంది. ఏడే. పైపు అవతల కాస్త నీడ ఉంటే బయ్యూమీ అటు వెళ్ళి కూలబడ్డాడు. చావు వచ్చినా బాగుండుననిపించింది. అలా దిక్కుతోచక తలెత్తి చూస్తే, ముద్ర తలకిందులుగా కనిపించింది.

వాళ్ళ అరబ్బీ అంకెల్లో ఏడు అచ్చం గరాటులా, పైన విచ్చుకుని కింద కొనదేలి ఉంటుంది. దాన్ని బోర్లిస్తే ఎనిమిది. గుండ్రటి పైపుకు ఏది పై, ఏది కింద?

"ఇటు వచ్చి చూడండి. ఇది ఏడు కాదు, ఎనిమిది."

నగ్వా అటు వచ్చి చూసింది. మళ్ళీ ఇటు వెళ్ళి చూసింది. రెండు వైపులా రెండు అంకెలు. అయితే మాత్రం ఇది ఏడు కాదని రుజువేమిటని అడిగింది. బయ్యూమీకి ఫిల్ము మీద రాసిన, అతుకు వేసిన తేదీ గుర్తొచ్చింది. పోయిన నెల పదకొండు. ఆ రోజంతా అతను భార్య ఆపరేషన్ కోసం ఇస్మాయిలియా ఆసుపత్రిలో ఉన్నాడు. సెలవుల పుస్తకం తెప్పించి చూస్తే నిజమే. ఆమె కార్డు తిరిగి అతని చేతిలో పెట్టి, తప్పయిందని కూడా అంది. బయ్యూమీ దాన్ని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

ఎనిమిది అంటే షహాతా. తొమ్మిదేళ్ళు బయ్యూమీ పక్కనే పనిచేసినవాడు, రోజూ ఒకే గిన్నెలో చిక్కుడు గింజల ఫూల్ పంచుకు తిన్నవాడు. ఇరవై రోజుల క్రితం ఒకే వారంలో మూడు అతుకులు తప్పి అతని కార్డు పోయింది. అవి తనవి కావని పిల్లల మీద ఒట్టేసి మొత్తుకున్నాడు. "ముద్ర అబద్ధమాడుతుందా తమ్ముడూ?" అంటూ బయ్యూమీయే సర్దిచెప్పి గేటు దాకా సాగనంపాడు. ఇప్పుడు షహాతా చేపల రేవులో ఐసు పెట్టెలు మోస్తున్నాడు. ఎదురుపడినా తలెత్తడు.

నగ్వాకూ అతనే గుర్తొచ్చినట్టున్నాడు. గోడ వారకు నడిచింది. షహాతా చేసిన తప్పులంటూ కోసి పడేసిన మూడు పైపు ముక్కలు అక్కడే ఉన్నాయి. వాటి మీది ఎనిమిది కూడా అటు నుంచి చూస్తే ఏడే. ఆ తేదీల్లో ఇద్దరూ పనిలోనే ఉన్నారు కాబట్టి పుస్తకం ఏమీ తేల్చదు.

"అడగకూడని మనిషినే అడుగుతున్నానని తెలుసు," అంది. "కానీ ఆ మొదటి రెండు అతుకులూ నావేనని మీ నోటితో మీరే ఒప్పుకున్నారు. అతని చెయ్యి మీకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? మీరేది చెబితే అదే రాస్తాను."

బయ్యూమీ మోకాళ్ళ మీద కూర్చున్నాడు. అతుకు చుట్టి వచ్చిన చోట షహాతా ఠక్కున ఆపేస్తాడు. బయ్యూమీ అలా కాదు, మొదలుపెట్టిన చోటు దాటి అంగుళం మేర రాడ్డు లాగుతాడు. అక్కడ చిన్న తోక మిగులుతుంది. నీ అతుకులేమైనా ఎలుకలా, తోకలు పెడతావని షహాతా వేళాకోళం చేసేవాడు.

మొదటి ముక్కకు తోక ఉంది. రెండోదానికీ ఉంది. మూడోదాన్ని కళ్ళతో చూసే ధైర్యం లేక వేలితో తడిమాడు. ఉంది.

నిజం గొంతు దాకా వచ్చింది. పిల్లల మీద షహాతా వేసిన ఒట్టు చెవుల్లో వినిపించింది. మరుక్షణమే చేపల రేవు కళ్ళ ముందుకొచ్చింది. ఐసు పెట్టె కింద నడుము వంగిన మనిషి ఈసారి షహాతా కాదు, తానే.

"చెప్పండి ఉస్తా. ఏడా, ఎనిమిదా?"

ఏడులా కనిపిస్తున్న ముక్కను బయ్యూమీ మెల్లగా తలకిందులు చేసి ఆమె ముందు పెట్టాడు.

"ఎనిమిదే," అన్నాడు.