ఆగస్టు పిలుపు

చాముండేశ్వరి ఆన్సరింగ్ మెషీన్ మీట మళ్లీ నొక్కింది. ఆ కబురు వినడం అది మూడోసారి.

"ఇది వేణుమాధవ్‌కి. నువ్వు పంపిన టేప్ చూశాం. వచ్చే నెల మా ట్రైనింగ్ క్యాంపుకి రా. నేనిక్కడికి కొత్తగా వచ్చిన కోచ్‌ని. ఇవాళ మీ టైము ఐదింటిలోపు ఫోన్ చెయ్యకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తాం."

మిషిగన్ నుంచి, గడగడా ఇంగ్లీషులో. గడియారంలో నాలుగూ పది.

వేణుమాధవ్ కెనడాలో పుట్టిన తెలుగువాడు. తన ఈడు పిల్లలంతా లెక్కల ట్యూషన్‌కి పోతుంటే, వీడు ఐస్ హాకీ అంటూ మంచు మీద కర్ర పట్టుకుని రబ్బరు బిళ్ల వెంట పరుగెత్తాడు. "ఇంజనీరు కొడుకువి, నీకంత ఆట ఎక్కడిదిరా?" అని తండ్రి మాట్లాడటం మానేశాడు. వీడు ఆట మానలేదు. సరిహద్దు దాటి అమెరికా వచ్చి, చిన్న లీగుల్లో ఊరికో ఏడాది ఆడి, ముందు పన్ను ఒకటి పోగొట్టుకుని, చివరికి చికాగో దగ్గరి అరోరాలో తేలాడు.

గుడి క్యాంటీన్‌లో పులిహోర కోసం మళ్లీ మళ్లీ లైన్లో నిలబడుతున్న ఆరడుగుల మనిషిని చాముండేశ్వరి పలకరించింది. ఆమె భర్త భీమశంకర్ పోయి అప్పటికి ఏడాది. పిల్లల్లేరు. ఫ్రిజ్ చప్పుడు తప్ప ఇంట్లో ఇంకో చప్పుడు లేదు. తెలుగు మాట కోసం మొహం వాచిపోయి ఉంది. "మా బేస్‌మెంట్ ఖాళీగానే ఉంది నాయనా, వచ్చేయ్" అంది.

అది రెండు వేల ఒకటిలో. ఇది మూడో ఆగస్టు.

వేసవి మొదట్లో వాడు తన ఆట టేపులు పై లీగు జట్లకి పంపేవాడు. అమెరికాలో క్రెడిట్ హిస్టరీ లేదని కంపెనీలు సెల్‌ఫోన్ ఇవ్వలేదు కాబట్టి ఈ ఇంటి నంబరే రాసేవాడు. పిలుపులు ఆగస్టులోనే వస్తాయి. ఆ నెలంతా రింక్‌లో పిల్లలకి స్కేటింగ్ నేర్పి ఇంటికి రాగానే, బూట్లయినా విప్పకుండా, "ఆంటీ, ఫోన్ ఏమైనా?" అనేవాడు.

"లేదు నాయనా" అనేది. నెలాఖరుకి వాడు డీలా పడిపోతే సేమ్యా పాయసం చేసి ముందు పెట్టేది. "వాళ్లకి కళ్లు లేవురా. నీ ఆట వాళ్లకేం తెలుసు?"

ఇప్పుడు వాడికి ఇరవై తొమ్మిది. రింక్ వాళ్లు పూర్తికాలం కోచ్‌గా ఉండమన్నారు. వీసా కూడా వాళ్లే చూస్తారట. రేపు సంతకం. సంతకం పెట్టాడంటే ఇక ఎక్కడికీ పోడు. పొద్దున్నే "ఆంటీ, కాఫీ" అన్న కేక, సాయంత్రం ఆవకాయ జాడీ దగ్గర అల్లరి, అన్నీ ఉంటాయి. చేయవలసిందల్లా చెరిపేసే మీట నొక్కడమే. చాముండేశ్వరి వేలు దాని మీదికి వెళ్లింది. సరిగ్గా అప్పుడే గరాజ్ తలుపు లేచిన చప్పుడైంది. చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఆంటీ, ఫోన్ ఏమైనా?"

"లేదు నాయనా."

వాడు నవ్వాడు. భుజం మీది సంచి గోడవారన దించాడు. "ఓకే. రేపు సైన్ చేసేస్తా. ఆంటీ, ఒకటి చెప్పనా? నాన్న కరెక్ట్."

"ఏం కరెక్ట్?"

"నేను అంత గుడ్ కాదు. ఒక్కళ్లు... ఇన్ని ఇయర్స్‌లో ఒక్కళ్లు కూడా పిలవలేదు కదా. నాకే తెలీలేదు, అంతే. ఇవాళ నాన్నకి ఫోన్ చేసి చెప్తా, యు వర్ రైట్ అని."

వాడు ఏడ్చినా ఆమె తట్టుకునేదేమో. అంత నెమ్మదిగా, లెక్క తప్పు ఒప్పుకున్న పిల్లాడిలా చెప్పేశాడు. వాడు లేని ఇంట్లో ఎలాగోలా బతకొచ్చు. చేతకానివాణ్నని నమ్ముతూ తన ఎదుట తిరిగే మనిషికి రోజూ అన్నం ఎలా వడ్డించడం?

"మీ నాన్నకి చెయ్యకు" అంది. "ముందు ఆ మెషీన్ నొక్కు. ఏదో వచ్చింది. చెప్పడం మర్చిపోయాను."

వాడు విన్నాడు. మళ్లీ విన్నాడు. నాలుగూ నలభైకి మిషిగన్‌కి ఫోన్ చేశాడు. చాముండేశ్వరి వంటింటి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వాడి మొహమే చూస్తూ నిలబడింది.

"ఏమన్నాడు?"

"రమ్మన్నాడు ఆంటీ!"

"ఇంకేమన్నాడు?"

"ఏం లేదు. స్కేట్స్ తెచ్చుకో అన్నాడు."

"అంతేనా? ఇంకేం అడగలేదా?"

"అంతే!" వాడామెని అమాంతం ఎత్తి ఒక చుట్టు తిప్పాడు.

వారం తర్వాత కారు నిండా సామాన్లు సర్దుకున్నాడు. వెనక సీట్లో అన్నం కుక్కరు, ఆవకాయ డబ్బా ఆమె పెట్టినవే. బయల్దేరేముందు వంగి ఆమె కాళ్లకి దండం పెట్టాడు.

"త్రీ ఇయర్స్ మీరే నాకు ధైర్యం చెప్పారు. మీరు లేకపోతే ఎప్పుడో గివప్ చేసేవాణ్ని ఆంటీ."

ఆమె ఏదో చెప్పబోయింది. చివరికి వాడి కాలరు సర్దింది. వాడు అది ప్రేమే అనుకున్నాడు. ప్రేమ కూడా నిజమే.

కారు సందు తిరిగి కనుమరుగయ్యేదాకా చెయ్యి ఊపుతూనే ఉంది.

నిరుడు ఆగస్టులో మిషిగన్ పాత కోచ్ కూడా ఫోన్ చేశాడు. ఆ రోజు ఆమె చెరిపేసే మీట నొక్కేదాకా గరాజ్ తలుపు లేవలేదు.