రన్‌వే చివరి మట్టి

గౌతమి విమానం రన్‌వే దాటి రాళ్ళ వంకలో పడిన రోజు, ఎండ దిగకముందే మారెప్ప పక్క చేని వేరుశనగ రైతు ఓబుళేసు గొంతు పట్టుకున్నాడు.

"నువ్వేరా! ఈడ చెనక్కాయలు ఆరబోసుకుంటానని నన్ను అడిగినావా, లేదా?"

"అడిగినానన్నా. నువ్వు వద్దంటివి. మళ్ళా నేను ఈ పక్కకే రాలేదు. నా బిడ్డల మీద ఒట్టు!"

"నీకు బిడ్డలుండారు. ఒట్టేస్తావు."

ఆ శిక్షణ విమానాల రన్‌వేకు మారెప్పే కాపలాదారు. విమానం నడపడం నేర్చుకుంటున్న గౌతమి ఆయనకు ఒక్కతే కూతురు. కళ్యాణదుర్గం ఆస్పత్రి నుంచి శవం ఇంకా రాలేదు. తల్లి కదిరమ్మ కంచె పక్కన, చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుని ఉంది.

విచారణకు వచ్చిన అధికారి దివాకర్ ఇద్దరినీ విడదీశాడు. రన్‌వే చివర వంగి, తాళంచెవితో నేలను గీశాడు. గీత పడలేదు. నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడతో అలికిన నేల అది. కళ్లంలా నున్నగా ఉంది. దాని మీదుగా చక్రాల జాడలు తిన్నగా వంక అంచుదాకా పోయాయి.

"ఇక్కడ వదులు మట్టి ఉండాలి కదా మారెప్పా! విమానం ఆగకుండా వస్తే చక్రాలు దిగబడి ఆగడానికే అది. పోయిన నెల మీ అమ్మాయిని కాపాడింది ఆ మట్టే. ఇవాళ కూడా కాపాడేది."

"దసరాకని నిన్నటిదాకా విమానాలు నిలిపిన నాలుగు దినాలూ నేను జరమొచ్చి పడుకుంటి సార్. అప్పుడే చేసినారు."

"ఎవరు? ఫిర్యాదులో పేరు రాయాలి."

"ఎవడైనా సరే, నా తోడబుట్టినోడైనా సరే, జైల్లో ఎయ్యండి. మీరు ఇడిచిపెడితే నేనే నరుకుతా." మారెప్ప మళ్ళీ ఓబుళేసు మీదికి పోయాడు.

"ఆయప్పను ఇడువు," అంది కదిరమ్మ.

"నీకేం తెలుసు? ఊరుకో!"

ఆమె కొంగులోంచి చేతులు తీసి చాచింది. రెండు అరచేతుల నిండా చిట్లిన బొబ్బలు.

"పోయిన నెల ఇమానం మట్టిలో దిగబడిందని తోటి పిల్లోళ్ళంతా నవ్వినారంట. పాప రెండు దినాలు బువ్వ తినల్యా. నీ బదులు కాపలాకొచ్చినప్పుడు, ఇంగ దిగబడకూడదని నేనే దిమ్మిస కొట్టినా." ఆమె మొగుడి ముఖంలోకి చూసింది. "ఆ మట్టి ఎందుకేసినారో ఏ దినమన్నా నాకు చెప్పినావా?"

చెప్పినట్టు మారెప్పకు గుర్తు రాలేదు.

దివాకర్ కలం తీశాడు. ఫిర్యాదులో పేరు ఇంకా రాయలేదు.