కోన దారిలో డీజిల్

“నేను ఈ పక్కన నిలబడను గాక నిలబడను. ఆ పక్కకి పోదాం పద” అంది వనజాక్షి.

జయరామయ్యకు ఒళ్ళు మండింది. మనుబోలు నుంచి రెండు బస్సులు మారి, ఆటో దిగి, కంపచెట్ల మధ్యన నడిచి కొండ మొదట్లోని రైలుకట్ట దాకా వచ్చాక ఇదేం పేచీ?

“ఆ పక్క ఏముండాదే?”

“బండరాయుండాది. నీడుండాది.”

“నీడలో కూర్చునేదానికి వచ్చినామా? డ్రైవరు కూర్చునేది ఎడమ పక్క. మన పెంచల్ మనల్ని చూడాల గదా! ఆ పక్కన నిలబడితే ఇంజను ముక్కు ఇంత పొడుగున అడ్డం. రిటైరయ్యేదాకా ఈ ఎత్తు మీదే ఇంజను నడిపినా, కుడిపక్కన కొండుందో గుంటుందో నేనెరగను. ఆ పక్క కూర్చున్న అసిస్టెంటు చెప్తే వినుకునేదే.”

“ఆ పెంచల్ చూడకపోతే కొంప మునిగిందా?”

“ఏళ్ళ తరబడి నాకు అసిస్టెంటుగా చేసినోడు. ఈ పొద్దు వాడే డ్రైవరు. చూడాల్సిందే.”

వనజాక్షి మూతి ముడుచుకుని కంకర కట్ట కింద చతికిలబడింది.

ఆ వారంతో డీజిల్ ఇంజన్లు ఆ దారి వదిలేస్తున్నాయి. కరెంటు తీగలు అప్పటికే పట్టాల మీద మెరుస్తున్నాయి. రేవు నుంచి బొగ్గు మోసుకుని కొండెక్కే చివరి డీజిల్ గూడ్సు ఇదేనని పెంచల్ ఫోన్ చేసినప్పటి నుంచి జయరామయ్య పెళ్ళాన్ని బతిమాలుతూనే ఉన్నాడు. అటునుంచి అటే పెంచలకోనలో దర్శనం చేయిస్తానంటే గాని ఆమె కదలలేదు. నెలకో శనివారం కోనకు పోకపోతే ఆమెకు పొద్దు గడవదు. ఆ కోన దారిలోనే మొగుడు నడిపే ఇంజను మాత్రం ఆమెకు పట్టలేదు. అతను చెప్పబోయినప్పుడల్లా “నీ నల్లదెయ్యం సంగతి నాకెందుకయ్యా, ఆ మసి చొక్కా బకెట్లో పడెయ్” అనేది.

ఒక్కసారి ఆమె చూడాలి. చూసి నోరు తెరవాలి. లేకపోతే తన బతుకంతా ఇంటిమనిషికి ఉతకలేని చొక్కాగానే మిగిలిపోతుంది.

“వస్తా ఉండాది!” అన్నాడు జయరామయ్య ఉన్నట్టుండి.

ఇంకా ఏమీ కనబడలేదు. మైపాడులో సరుగుడు తోపు దాటకముందే సముద్రం వినబడినట్టు, ఎక్కడో అడుగున ఒక ఘోష. తర్వాత కాళ్ళకింద కంకర సన్నగా గలగలమంది. మలుపు మీద నల్లటి పొగ నిటారుగా లేచింది.

వనజాక్షి చప్పున కొంగు తలమీదికి లాక్కుంది.

“అది ఇంకా రానేలేదు, అప్పుడే ముసుగా?” అన్నాడు నొచ్చుకుని.

ఆమె ముసుగు ఇంకాస్త ముందుకు లాక్కుంది.

మలుపు తిరిగి వచ్చిందది. మనిషి నడిచినంత నెమ్మదిగా, కొండనే నెత్తిన పెట్టుకుని వస్తున్నట్టుగా. వెనకాల వ్యాగన్లు పాములా కింది లోయలోకి దిగిపోయి ఉన్నాయి, తోక కనబడటం లేదు. చివరన ఇంకో ఇంజను తోస్తూ ఉండి ఉంటుంది. ఆ రొద చెవికి కాదు, రొమ్ముకు తగులుతోంది. చెట్టు మీది కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి.

“చూడవే! దీన్ని ఇక్కడ ఆపకూడదు. ఎత్తు మీద ఆగిందంటే మళ్ళీ కదలదు. ఎవురడ్డమొచ్చినా, ఏమైపోయినా...”

అంతలో చక్రాలు జారాయి. ఇంజను కీచుమని అరిచింది. రొద గతి తప్పింది. జయరామయ్య తెలియకుండానే చెయ్యి ముందుకు చాచి, లేని పిడిని పట్టుకున్నాడు. “ఇసుకొదులు పెంచల్, ఇసుకొదులు...” చక్రాల కిందికి గొట్టంలోంచి ఇసుక ధారగా జారింది. ఒక్క క్షణం ఆ మహాకాయం ఊపిరి బిగబట్టినట్టు నిలబడిపోయింది. తర్వాత పట్టు దొరికింది. అడుగు, మరో అడుగు. నిప్పురవ్వలతో పొగ గుప్పున ఎగజిమ్మి, ఆకాశాన్ని కప్పేసింది.

జయరామయ్య కళ్ళు చెమ్మగిల్లాయి. ఇన్నేళ్ళూ లోపల కూర్చుని నడిపాడే గాని, బయటినుంచి ఇది ఇంత గొప్పగా ఉంటుందని అతనికే తెలియదు.

మసి సన్నటి వానలా రాలి అతని తెల్లచొక్కా నిండా చుక్కలు పెట్టింది. వనజాక్షి కొంగు మీద పడింది గాని ఆమె జుట్టు మీద ఒక్క నలుసూ పడలేదు.

“ఎట్టుండాది?” అని ఆశగా అరిచాడు.

వనజాక్షి తల దించుకుని కాలి బొటనవేలితో కంకర కెలుకుతోంది. కళ్ళెత్తి చూడను కూడా లేదు.

జయరామయ్య మనసు చివుక్కుమంది. అయిపోయింది. ఇక చూపించడానికి మరో బండి లేదు. “పోదాం పద, నీ కోనకే పోదాం” అన్నాడు నీరసంగా.

పొడుగాటి ముక్కంతా వాళ్ళను దాటిపోయి, ఆఖరున డ్రైవరు కిటికీ వాళ్ళ ఎదుటికి వచ్చింది. పెంచల్ నడుం దాకా బయటికి వంగి జయరామయ్యకు దణ్ణం పెట్టాడు. తర్వాత అతని చూపు కొంగు కప్పుకున్న మనిషి మీద పడింది. ముఖమంతా నవ్వయింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, ఇంజను రొదను మించి గొంతు చించుకుని అరిచాడు.

“ఏంది వనజక్కా, ఈ పొద్దు ఈ పక్కకొచ్చినావే! సారుకు చెప్పొద్దని సైగ చేస్తా ఎప్పుడూ ఆ పక్క బండకాడ గదా నువ్వు నిలబడేది!”