మనవాళ్ళు లేని వీధి

“ఈ ఇల్లు వద్దు,” అన్నాడు భీమారావు, గుమ్మంలోంచే వెనక్కి తిరిగి.

తాళంచెవి పట్టుకున్న సూరిబాబు తెల్లబోయాడు. అతను పార్సిలాఫీసులో భీమారావుతోపాటు గుమాస్తా. రాయ్‌పూర్‌కి బదిలీ మీద వచ్చిన తోటి తెలుగువాడు పెళ్ళాం పిల్లలతో వానలో అవస్థ పడుతున్నాడని, సొంత పనులు మానుకుని పొద్దుట్నుంచీ ఇళ్ళు చూపిస్తున్నాడు.

“దీనికేం తక్కువండీ? స్టేషన్ దగ్గర. వీధంతా మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళే. పెరట్లో బావి. నాలుగిళ్ళకీ అదే.”

“నలుగురూ చేదే బావి నీళ్ళు పిల్లలకు పడవు.”

“పోనీ, రైల్వే క్వార్టరు రాయించుకోండి.”

“క్వార్టర్ల లైనులో చదువు అబ్బదండీ. నాకు కాన్వెంటు దగ్గర ఇల్లు కావాలి. చుట్టుపక్కల తెలుగువాళ్ళు లేకపోతే మరీ మంచిది. అప్పుడే పిల్లలకు హిందీ, ఇంగ్లీషు అబ్బుతాయి.”

సూరిబాబు పకపకా నవ్వాడు. “మీరు పుట్టాల్సిన చోట పుట్టలేదండీ! ఏ దొర బంగళాలోనో పుట్టాల్సింది.”

భీమారావు మాత్రం నవ్వలేదు.

దొరలు దేశం వదిలి ఏడేళ్ళయినా భీమారావుకి దొరతనం వదల్లేదు. చొక్కా నలగకూడదు. పెళ్ళాం ‘బావా’ అని పిలవకూడదు, ‘ఏవండీ’ అనాలి. పుట్టింది మొదలు అమ్మమ్మ దగ్గర పెరిగి మొన్ననే వచ్చిన ఆరేళ్ళ కూతురు చిన్నమ్మ పేరు మోటుగా ఉందని, బడి కోసం జయలక్ష్మిని చేశాడు. ఇలాంటి మనిషిని కట్టుకున్న ఆడదాన్ని తలుచుకుంటే జాలేస్తుంది.

చివరికి బైరన్ బజార్ వెనక ఒక గది దొరికింది. చూరు కారుతోంది. గోడలు చెమ్మకి ఉబ్బి ఉన్నాయి. అటు బెంగాలీలు, ఇటు ఆంగ్లో ఇండియన్లు. తెలుగు మాట మచ్చుకైనా వినపడదు. కుళాయి మాత్రం వేరే ఉంది. అది చూసి భీమారావు ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

పైడమ్మ చంటివాణ్ణి ఒళ్ళో వేసుకుని ట్రంకుపెట్టె మీద కూలబడింది.

“ఏటి బావా ఇది? మాటాడ్డానికి మనిసి లేడు. బిలాస్‌పూర్లోనూ ఇలాగే ఒంటిగా పడేసినావు. అంతకుముందు ఖరగ్‌పూర్లోనూ అంతే.”

“ఏవండీ అను.”

“అంటే ఏటవుతాది? ఎన్నూళ్ళు తిప్పినా మనం మనమే గదా!”

“ఈసారి కుదురుతుంది. చిన్నమ్మ కాన్వెంటులో చేరితే చాలు, ఇంకెక్కడికీ కదలం. అక్కడ పెద్ద సిస్టరు మలయాళీ. తెలుగు ముక్క రాదు.”

“బిలాస్‌పూర్లోనూ కుదురుతాదనే అన్నావు.”

పైడమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బిలాస్‌పూర్ ఇల్లు ఖాళీ చేసిన రోజు సాగనంపడానికి ఒక్క మనిషీ గడప దాటి రాలేదు. ఇంత గొప్పలు పోయేవాణ్ణి ఎవరు మాత్రం సాగనంపుతారు?

మర్నాడు కాన్వెంటుకి వెళ్తూ రిక్షాలో కూతురికి పాఠం అప్పజెప్పించాడు.

“నీ పేరు?”

“జయలక్ష్మి అండి.”

“మీ ఊరు?”

“విజయనగరం అండి.”

“అంతకుమించి ఏమడిగినా?”

“మాటాడనండి.”

చిన్నమ్మ అన్నంత పనీ చేసింది. తెల్లటి ముసుగులో ఉన్న పెద్ద సిస్టరు హిందీలో పలకరించగానే బెదిరిపోయి తండ్రి వెనక దాక్కుంది. పేరు కూడా చెప్పలేదు.

“ఉన్నది ఒక్క సీటు,” అంది సిస్టరు. “మధ్యాహ్నం ఇంకొకరు వస్తున్నారు. నోరు విప్పని పిల్లని ఎలా చేర్చుకోను?”

“సిగ్గు, సిస్టర్. రేపు తీసుకొస్తాను.”

“రేపటికి సీటుండదు. పాపం, భాష తెలియక భయపడుతోంది. మాకు కొత్తగా తెలుగు టీచరు వచ్చింది, పిలిపిస్తాను.”

“అక్కర్లేదు సిస్టర్!”

ఆ కేకకి సిస్టరు ఉలిక్కిపడింది. కూతురి పల్లెటూరి యాస బయటపడుతుందని ఇంత బెంగా అనుకుంది కాబోలు, ఊరుకోమన్నట్టు చెయ్యి ఊపి కబురంపింది. భీమారావు కుర్చీలో కూర్చోలేక, లేవలేక నలిగిపోయాడు.

వచ్చిన టీచరు పేరు తాయారమ్మ. నుదుట రూపాయికాసంత బొట్టు, మొహం నిండా నవ్వు. చిన్నమ్మ ముందు చతికిలబడి, తన చీరచెంగుతో దాని కళ్ళు తుడిచింది.

“ఏ ఊరు తల్లీ?”

“విజయనగరం అండి.”

“విజయనగరమే! మాదీ అదేనండీ, కోట దగ్గర. పరాయి దేశంలో మనవాళ్ళు కనబడ్డారు, ఎంత అదృష్టం!” అని పిల్లని ఒళ్ళోకి లాక్కుంది.

భీమారావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

అమ్మ భాష వినపడేసరికి చిన్నమ్మకి ప్రాణం లేచొచ్చింది. అంకెలు చెప్పింది, నేర్చుకున్న ఇంగ్లీషు పద్యం ఒక్క తప్పు లేకుండా అప్పజెప్పింది. సిస్టరు సంతోషించి కలం తీసింది. సీటు దొరికినట్టే. మూడు ఊళ్ళు తిరిగి ఇన్నాళ్ళకి ఒక్కటి అనుకున్నట్టు జరుగుతుంటే, ఆ తండ్రి సంతోషించాలా వద్దా?

“ఇక వెళ్తామండీ, డ్యూటీకి వేళయింది,” అని కూతురి చెయ్యి పట్టుకుని లాగాడు.

“ఒక్క నిమిషం ఉండండి,” అంది తాయారమ్మ, పిల్లని వదలకుండా. “దసరా సెలవులకి ఊరెళ్తున్నాను. మీవాళ్ళని పలకరించొస్తాను. మీ అమ్మమ్మగారిల్లు ఏ పేటలోనే తల్లీ?”

రాయ్‌పూర్ వచ్చాక దానితో అమ్మమ్మ ఊసెత్తినవాళ్ళే లేరు. చిన్నమ్మ మొహం వెలిగిపోయింది.

“మాలపేటండి!”