ఎల్ మీద గీత

"లుకాస్! నోరు తెరువు."

పెద్దాయన తెరవలేదు.

నిస్సీకి విసుగొచ్చింది. ఐర్లాండ్‌లో, ములింగార్ శివార్లలోని ఆ నర్సింగ్ హోమ్‌లో ముసలివాళ్ళని చూసుకునే కేరర్ ఆమె. పక్షవాతంతో మాట పడిపోయిన ఈ పోలండ్ ఆయన చేరిన దగ్గర్నుంచీ ఇదే తంతు. పేరు పెట్టి పిలిస్తే చాలు, మొహం తిప్పేసుకుంటాడు.

ఆయన వణికే వేలితో మంచం తలవైపు అంటించిన చీటీ మీద తన పేరు చూపించాడు. మొదటి అక్షరాన్ని గోటితో గీకాడు. ఎల్ మీద ఏదో అడ్డగీత.

"వూ... వూ..."

"ప్రింటర్ మరకకి కూడా నామీదేనా కోపం?"

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆమె సూపు గిన్నె తీసుకుని వెళ్ళిపోయింది.

ఇంట్లో భర్త నతానియేల్‌తో చెప్పుకుంది.

"ఆ లుకాస్‌తో నావల్ల కాదండీ. ఒట్టి పొగరు."

"పోనీలే నిస్సీ. నోరు లేని మనిషి. కాస్త ఓర్చుకో."

ఓర్చుకోలేదు. మేనేజర్ని బతిమాలి వేరే వింగ్‌కి మారిపోయింది. తర్వాత ఒకట్రెండుసార్లు వరండాలో వెళ్తుంటే ఆయన చెయ్యెత్తి పిలిచాడు. చూడనట్టే పోయింది.

చలికాలం పోకముందే ఆయన పోయాడు.

అంత్యక్రియలయ్యాక బట్టలు తీసుకెళ్ళడానికి కూతురొచ్చింది. వార్సా నుంచి. సంచీ అందించే పని నిస్సీకి పడింది.

"నాన్న సరిగా తినేవాడా?"

"ఆ... లుకాస్ గారు..."

"లుకాస్ కాదు, వూకాష్. ఎల్ మీద గీతుంటే మా భాషలో 'వ' అని పలుకుతాం. తప్పు పేరుతో పిలిస్తే నాన్న అస్సలు పలికేవాడు కాదు."

నిస్సీ సంచీ ఆమె చేతిలో పెట్టేసింది. వరండాలోకొచ్చి భర్తకి ఫోన్ చేసింది.

"ఏమండీ, మీ కారు కెనాల్లో పడ్డప్పుడు... దూకి మిమ్మల్ని బయటికి లాగారే, ఆయన పేరేంటన్నారు?"

"వూకాష్. ఎవరో పోలండ్ పెద్దాయన. అంబులెన్స్ రాగానే తడిబట్టలతోనే వెళ్ళిపోయాడు. డబ్ల్యూతో మొదలెట్టి ఫేస్‌బుక్కంతా వెతికాం కదా, పోలీసుల్నీ అడిగాం. ఏం, దొరికాడా?"

నిస్సీ ఆయన ఖాళీ గది వైపు నడిచింది.

"నిస్సీ? వినపడుతోందా? దొరికాడా?"

ఒక్కసారి ఆయన కాళ్ళు కడిగే భాగ్యం ఇమ్మని ప్రతి ఆదివారం చర్చిలో మోకరించి ఆమె వేడుకున్నది, ఈ మనిషి కోసమే.